పాల నాళం గొట్టం కాదు: పొదుగులో బోలు నాళాలు ఏర్పడే తీరు, తెరుచుకొని నిలిచే తీరు

పాడి రైతు దృష్టిలో పొదుగు ఒక పాత్ర. చనుకట్టు ఆ పాత్రకు అమర్చిన గొట్టం. పాలు ధారగా రాకపోతే గొట్టంలో ఏదో అడ్డుపడిందనీ, దానిని పొడిచి తొలగిస్తే సరిపోతుందనీ రైతు భావించడం సహజమే. ఈనిన వెంటనే ఒక చనుకట్టు నుండి పాలు రాకపోయినా, పొదుగువాపు వ్యాధి తగ్గిన తరువాత ధార సన్నబడినా, చీపురుపుల్లనో వేపపుల్లనో మొద్దు సూదినో చనురంధ్రంలోకి దూర్చే అలవాటు ఈ భావన నుండి పుట్టినదే. అలా చేసినప్పుడు రెండు మూడు పూటలు ధార మెరుగుపడినట్లు కనిపించవచ్చు. ఆ తరువాత అదే చనుకట్టు మునుపటికంటె గట్టిగా మూసుకుపోతుంది. చాలా సందర్భాలలో పొదుగులోని ఆ భాగం ఆ ఈతకు, కొన్నిసార్లు శాశ్వతంగా, పాలకు పనికిరాకుండా పోతుంది. పొదుగు వెనుక భాగాలు రెండూ కలిసి సుమారు 60 శాతం పాలను ఇస్తాయి కనుక వాటిలో ఒకటి పోతే రైతుకు కలిగే నష్టం ఎంతటిదో ఊహించవచ్చు.

పొడిచిన నాళం తిరిగి ఎందుకు మూసుకుపోతుంది? పొడవని నాళం సంవత్సరాల తరబడి ఎందుకు తెరిచే ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం ఒకటే. పాల నాళంలోని ఖాళీ తొలిచి చేసిన రంధ్రం కాదు. జీవకణాలు ఒక క్రమంలో నిలబడి, మధ్యలో ఉన్న తోటి కణాలను తొలగించుకొని, లోపలి తలం ఒకదానికొకటి అంటుకోకుండా చూసుకుంటూ నిత్యం కాపాడుకొనే ఖాళీ అది. ఈ విషయం క్షేత్రస్థాయిలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు, పశువైద్య, వ్యవసాయ విద్యార్థులకు స్పష్టంగా తెలిస్తే రైతుకు చెప్పవలసిన మాట సులభమవుతుంది.

పొదుగులో నాళాల అమరిక

ఆవు, గేదె పొదుగులో నాలుగు భాగాలు ఉంటాయి. ఒక భాగం పాలు మరొక భాగంలోకి వెళ్ళవు. ప్రతి భాగంలోనూ సూక్ష్మమైన క్షీరకోశికలు లెక్కకు మించి ఉంటాయి. పాలు తయారయ్యేది ఈ కోశికల గోడలలోనే. కోశికల నుండి సన్నని నాళాలు, వాటి నుండి పెద్ద నాళాలు బయలుదేరి పొదుగు అడుగున ఉన్న పాలతిత్తిలో కలుస్తాయి. పాలతిత్తి చనుకట్టులోని ఖాళీలోకి తెరుచుకొంటుంది. చనుకట్టు చివరన సన్నని చనుమార్గం, దాని కొసన చనురంధ్రం ఉంటాయి. ఆవులో చనుమార్గం పొడవు సుమారు ఒక సెంటీమీటరు. గేదెలో అది మరికొంత పొడవుగాను, దాని చుట్టూ ఉండే వలయాకార కండరం మరింత మందంగాను ఉంటాయి.

చనుమార్గాన్ని మినహాయిస్తే, పాలు ప్రవహించే నాళాలన్నింటి గోడ ప్రధానంగా రెండు వరుసల కణాలతో నిర్మితమై ఉంటుంది. ఖాళీ వైపు ఉన్నవి లోపలి ఉపకళా కణాలు. వాటిని బయటి నుండి చుట్టి ఉన్నవి కండర స్వభావం గల కణాలు. వీటిని మయోఎపిథీలియల్ కణాలు అంటారు. ఈ రెండు వరుసలకు వెలుపల లామినిన్, నాలుగవ రకం కొల్లాజెన్ వంటి ప్రోటీన్లతో అల్లిన పలుచని ఆధారత్వచం ఉంటుంది. నాళం బోలుగా ఏర్పడటానికి, అలాగే నిలవడానికి ఈ మూడింటి సహకారం అవసరం.

బోలు ఏర్పడే రెండు మార్గాలు: పూర్ణా మార్కెట్ బుట్టలోని ఉదాహరణలు

నిండుగా ఉన్న కణజాలంలో ఖాళీ ఏర్పడటానికి ప్రకృతిలో ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. మధ్యలో ఉన్న కణాలు చనిపోయి కరిగిపోవడం మొదటి మార్గం. కణాలు చనిపోకుండానే ఒకదాని నుండి ఒకటి విడివడి పక్కకు జరగడం రెండవది. వృక్షశాస్త్రంలో మొదటి విధంగా ఏర్పడిన కుహరాలను లయజాతమనీ, రెండవ విధంగా ఏర్పడిన వాటిని వియుక్తజాతమనీ అంటారు. వ్యవసాయ విద్యార్థికి ఈ రెండూ పాత పరిచయాలే.

విశాఖపట్నం నగరంలోని పాత కూరగాయల మార్కెట్లలో ఒకటైన పూర్ణా మార్కెట్‌లో కొన్న ఒక చిన్న బుట్ట సరుకుతో ఈ రెండు మార్గాలనూ తరగతిలో చూపవచ్చు. ఉల్లికాడను అడ్డంగా కోస్తే మధ్యలో బోలు కనిపిస్తుంది. లేత ఆకులో ఆ చోట మెత్తని కణాలు నిండి ఉంటాయి. ఆకు పెరిగేకొద్దీ అవి చనిపోయి ఖాళీ మిగులుతుంది. నీట మునిగిన వరి వేరులో గాలి గదులు ఏర్పడేదీ ఈ విధంగానే. సోంపు గింజను అడ్డంగా పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆరు నూనె నాళాలు కనిపిస్తాయి. ధనియాలు, వాము, క్యారెట్ కూడా ఈ కుటుంబానికి చెందినవే. ఈ కుటుంబంలోని నూనె నాళాలు ప్రధానంగా కణాలు ఒకదాని నుండి ఒకటి విడివడటం వల్ల ఏర్పడతాయి. చుట్టూ నిలిచిన కణాలు ఆ ఖాళీలోకి తైలాన్ని స్రవిస్తాయి.

క్షీరగ్రంథిలోని నాళం ఈ రెండు మార్గాలనూ ఉపయోగించుకుంటుంది. అయితే మొక్కకు, జంతువుకు ఒక ముఖ్యమైన భేదం ఉంది. మొక్క కణానికి గట్టి కణకవచం ఉంటుంది కనుక ఒకసారి ఏర్పడిన ఖాళీ దానంతట అదే నిలుస్తుంది. ఉల్లికాడను పొడిచినా బోలు బోలుగానే ఉంటుంది. జంతు కణం మెత్తనిది, కదిలేది, అంటుకొనేది, అవసరమైతే విభజన చెందేది. అందువల్ల పాల నాళంలో ఖాళీని ఏర్పరచడం ఒక పని అయితే దానిని నిలుపుకోవడం మరొక పని. రైతు పొరపాటు పడేది ఇక్కడే. అతడు చనుకట్టును ఉల్లికాడలా భావిస్తాడు.

గర్భస్థ దూడలో తొలి నాళం

దూడ తల్లి గర్భంలో ఉండగానే క్షీరగ్రంథి మొదలవుతుంది. రెండవ నెలలో పొట్ట అడుగున చర్మపు ఉపకళ మందమై ఒక రేఖగా, ఆ తరువాత నాలుగు మొగ్గలుగా ఏర్పడుతుంది. సుమారు 80 రోజుల వయస్సులో ప్రతి మొగ్గ నుండి ఒక కణ సమూహం లోపలికి పెరుగుతుంది. దీనిని ప్రాథమిక అంకురం అంటారు. ఈ అంకురం బోలుగా ఉండదు. గట్టిగా పేనిన తాడువలె కణాలతో నిండి ఉంటుంది. దాని నుండి పక్కలకు రెండవ దశ అంకురాలు మొలుస్తాయి. సుమారు 100 రోజుల వయస్సు నుండి ప్రాథమిక అంకురం మధ్యలో ఖాళీ ఏర్పడటం మొదలవుతుంది. భవిష్యత్తులో చనుకట్టు ఖాళీగాను, పాలతిత్తిగాను మారేది ఇదే. సుమారు 280 రోజులకు ఆవుదూడ పుట్టేనాటికి చనుకట్టు, పాలతిత్తి గుర్తించదగిన రూపంలో సిద్ధంగా ఉంటాయి.

ఈ దశలో అంకురం ఏదో ఒక చోట పూర్తిగా బోలు కాకపోతే అక్కడ ఒక పలుచని పొర అడ్డుగా మిగిలిపోతుంది. ఆ దూడ పెరిగి తొలిసారి ఈనినప్పుడు పొదుగు ఆ భాగంలో పాలతో నిండి బిగుసుకొని ఉన్నా చనుకట్టులోకి పాలు దిగవు. రైతు దీనిని దిష్టిగానో మేత దోషంగానో భావించవచ్చు. నిజానికి అది తల్లి గర్భంలో అసంపూర్తిగా మిగిలిన పని.

మధ్య కణాలు ఎలా తొలగుతాయి?

నాళం ఏర్పడే తీరును శాస్త్రవేత్తలు ఎక్కువగా చుంచెలుకలలో పరిశీలించారు. చుంచెలుకలో యుక్తవయస్సు మొదలయ్యే సమయంలో ప్రతి నాళం కొసన ఒక ఉబ్బిన అగ్రమొగ్గ ఏర్పడుతుంది. మొగ్గ వెలుపల ఒక వరుస కణాలు టోపీవలె కప్పి ఉంటాయి. లోపల అనేక వరుసల కణాలు నిండి ఉంటాయి. మొగ్గ ముందుకు సాగేకొద్దీ దాని వెనుక రెండు వరుసల గోడ గల బోలు నాళం మిగులుతుంది.

మొగ్గలోపలి కణాలు ఏమైపోతున్నాయనే ప్రశ్నకు 1996లో వెలువడిన పరిశోధన స్పష్టమైన సమాధానం ఇచ్చింది. అగ్రమొగ్గ లోపలి కణాలలో అపోప్టాసిస్, అంటే కణం తనంతట తాను క్రమపద్ధతిలో మరణించే ప్రక్రియ, చాలా ఎక్కువగా జరుగుతోందని, నాళంలోని ఖాళీ ఏర్పడటానికి అది తోడ్పడుతోందని తేలింది. ఇది గాయంవల్ల కలిగే మరణం వంటిది కాదు. కణం ముడుచుకొని చిన్న తునకలుగా విడిపోతుంది. పొరుగు కణాలు, భక్షక కణాలు ఆ తునకలను మింగివేస్తాయి. వాపు రాదు, చీము పట్టదు, మచ్చ మిగలదు. పుల్లతో పొడిచినప్పుడు జరిగే కణమరణం దీనికి పూర్తిగా విరుద్ధమైనదని ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఏ కణం చనిపోవాలి, ఏది బ్రతకాలి అనేది ఎలా నిర్ణయమవుతుంది? ఉపకళా కణం బ్రతకాలంటే అది ఆధారత్వచాన్ని పట్టుకొని ఉండాలి. ఆ పట్టు నుండి అందే సంకేతాలే దానికి ప్రాణాధారం. గుంపు మధ్యలో చిక్కుకున్న కణానికి ఆధారత్వచం అందదు కనుక సంకేతాలు ఆగిపోయి అది మరణిస్తుంది. ఈ ప్రక్రియలో బిమ్ అనే ప్రోటీనుకు ముఖ్యపాత్ర ఉందని 2007లో వెల్లడైంది. బిమ్ లేని చుంచెలుకలలో నాళాలు కొంతకాలం కణాలతో నిండి ఉన్నాయి. అయితే ఆ కణాలు చివరకు వేరొక మార్గంలో మరణించి నాళాలు తెరుచుకున్నాయి. ఒక దారి మూసుకుపోయినా మరొక దారి ఉండేలా ప్రకృతి ఈ పనిని ఏర్పాటు చేసింది.

కణమరణం ఒక్కటే కారణం కాదు. 2008లో జీవకణజాలాన్ని నేరుగా చిత్రీకరించిన పరిశోధకులు మొగ్గలోని కణాలు నిరంతరం స్థానాలు మార్చుకుంటూ, అనేక వరుసల నుండి రెండు వరుసలుగా సర్దుకోవడాన్ని గమనించారు. అంటే మధ్యలో ఉన్న కణాలలో కొన్ని చనిపోగా, కొన్ని గోడలోకి చేరుతాయి. ఉల్లికాడ మార్గమూ సోంపు మార్గమూ ఇక్కడ కలిసి పనిచేస్తున్నాయి.

ఈ ఫలితాలను పశువులకు అన్వయించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. పెయ్యదూడ పొదుగులో చుంచెలుకలో కనిపించే పెద్ద అగ్రమొగ్గలు కనిపించవు. చిన్న చిన్న కణ తాళ్ళు గుత్తులు గుత్తులుగా, దట్టమైన సంధాయక కణజాలం మధ్య పెరుగుతాయి. ఈ విషయంలో ఆవు పొదుగు చుంచెలుక కంటె మనిషి రొమ్ముకే దగ్గరగా ఉంటుంది. నిండు కణ తాడు బోలు నాళంగా మారడమనే మూల సూత్రం మాత్రం అన్నింటికీ సమానమే.

లోపల ఏది, బయట ఏది: కణ ధ్రువత

ఖాళీ సరైన చోట ఏర్పడాలంటే ప్రతి కణానికి తన లోపలి వైపు ఏదో, బయటి వైపు ఏదో తెలియాలి. ఈ దిశా జ్ఞానాన్నే కణ ధ్రువత అంటారు. ఆధారత్వచాన్ని తాకిన వైపు బయటి తలం అవుతుంది; దానికి ఎదురు వైపు ఖాళీని చూసే తలం అవుతుంది. పక్క కణాలను పట్టుకొనే అతుకు ప్రోటీన్లు కేవలం పక్క తలాలలోనే ఉంటాయి. ఖాళీని చూసే తలంలో అవి ఉండవు. అక్కడ మ్యూసిన్ వంటి చక్కెర పూత గల ప్రోటీన్లు ఉంటాయి. వాటికి రుణావేశం ఉండటంవల్ల ఎదురెదురుగా ఉన్న రెండు తలాలు ఒకదానినొకటి దూరంగా నెట్టుకొంటాయని భావిస్తున్నారు.

ధ్రువతను నిర్ణయించడంలో బయటి వరుస కణాల పాత్రను 2002లో ఒక ప్రయోగం చక్కగా చూపింది. మనిషి రొమ్ము నుండి సేకరించిన లోపలి వరుస కణాలను మాత్రమే కొల్లాజెన్ జెల్‌లో పెంచినప్పుడు అవి గుండ్రని గుంపులుగా ఏర్పడ్డాయి గాని, వాటి దిశ తారుమారైంది. లోపలికి ఉండవలసిన తలం బయటికి తిరిగింది. మయోఎపిథీలియల్ కణాలను జతచేయగానే దిశ సరిపడి మధ్యలో ఖాళీ ఏర్పడింది. మయోఎపిథీలియల్ కణాలు తయారుచేసే లామినిన్ ఇందుకు కారణమని తేలింది. అందువల్ల నాళపు గోడలో బయటి వరుస దెబ్బతింటే లోపలి వరుస బ్రతికి ఉన్నా నాళం నాళంగా నిలవలేదు.

పెయ్య దశలో మేత ప్రభావం

పుట్టిన తరువాత రెండు మూడు నెలల వరకు పొదుగు శరీరంతో సమానమైన వేగంతో పెరుగుతుంది. ఆ తరువాత ఎదకు వచ్చే వరకు నాళ వ్యవస్థ శరీరం కంటె ఎక్కువ వేగంతో విస్తరిస్తుంది. ఈ దశలో పెయ్యను శక్తినిచ్చే దాణాతో అతిగా మేపితే పొదుగులో కొవ్వు పెరిగి, నాళ కణజాలం తగ్గుతుందని 1982లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పూర్తిగా మేతలేక బక్కచిక్కిన పెయ్య ఎదకు ఆలస్యంగా రావడం ఎంత నష్టమో, తొందరగా బరువు పెరగాలని అతిగా మేపడమూ అంతే నష్టం. బయటికి నిండుగా కనిపించే పొదుగు కొవ్వుతో నిండినదా, నాళాలతో నిండినదా అన్నది ఈనిన తరువాతగాని రైతుకు తెలియదు.

చూడి కాలంలో ప్రొజెస్టిరాన్, ప్రొలాక్టిన్ తదితర హార్మోన్ల ప్రభావంతో నాళాల కొసల వద్ద క్షీరకోశికలు వృద్ధి చెందుతాయి. వట్టిపోయిన కాలంలో కోశికల కణాలలో కొన్ని మరణించి కొత్తవి ఏర్పడతాయి. నాళాల చట్రం మాత్రం మిగిలి ఉంటుంది. తరువాతి ఈతకు పునాది ఆ చట్రమే. కనుక నాళానికి జరిగే నష్టం ఒక ఈతతో ముగిసేది కాదు.

నాళం తెరుచుకొని ఎలా నిలుస్తుంది?

నాళం తెరిచి ఉండటానికి నాలుగు ఏర్పాట్లు కలిసి పనిచేస్తాయి.

మొదటిది, దారితప్పిన కణాల తొలగింపు. గోడలో కణం విభజన చెందినప్పుడు ఒక పిల్లకణం ఖాళీలోకి జారిపడవచ్చు. ఆధారత్వచం అందని ఆ కణం మరణిస్తుంది. 2002లో రొమ్ము కణాలను జెల్‌లో పెంచి జరిపిన ప్రయోగంలో కణమరణాన్ని మాత్రమే అడ్డుకున్నప్పుడు ఖాళీ ఏర్పడటం ఆలస్యమైందే గాని ఆగిపోలేదు. మరణాన్ని అడ్డుకొని, అదే సమయంలో కణ విభజనను కూడా పెంచినప్పుడు ఖాళీ కణాలతో నిండిపోయింది. మనుషులలో నాళానికే పరిమితమైన తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో కనిపించేది ఇటువంటి స్థితే. ఆవులు, గేదెలలో పొదుగు క్యాన్సర్ చాలా అరుదు. ఆడ కుక్కలలో మాత్రం ఇది తరచు కనిపించే వ్యాధి.

రెండవది, అంటుకోని లోపలి తలం. ధ్రువత చెదరనంతవరకు ఎదురెదురు గోడలు తాకినా అతుక్కోవు. పాలు లేని సమయంలో చనుకట్టు లోపలి గోడలు ముడతలు పడి ఒకదానినొకటి తాకుతూనే ఉంటాయి. అయినా పాలు దిగగానే విచ్చుకుంటాయి.

మూడవది, స్రావం. లోపలి కణాలు లాక్టోజ్‌ను ఖాళీలోకి స్రవించినప్పుడు దాని వెంట నీరు వస్తుంది. ఆ ద్రవమే కోశికలను, నాళాలను ఉబ్బించి ఉంచుతుంది. ద్రవం వెనక్కు కారిపోకుండా కణాల మధ్య బిగుతైన సంధులు కాపాడతాయి. పాలు పిండకుండా వదిలివేస్తే ఈ సంధులు సడలుతాయి; ఆవులలో సుమారు 18 గంటల తరువాత ఈ మార్పు మొదలవుతుందని ప్రయోగాలు చూపాయి. పొదుగువాపులో కూడా సంధులు సడలి రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి చేరతాయి, లాక్టోజ్ తగ్గుతుంది. పాలు ఉప్పగా ఉండటం, వాటి విద్యుత్ వాహకత పెరగడం నాళపు గోడ సడలిందనడానికి సూచనలు.

నాలుగవది, బయటి వరుస కణాల బలం. ఆక్సిటోసిన్ రక్తంలోకి విడుదలైనప్పుడు కోశికల చుట్టూ ఉన్న మయోఎపిథీలియల్ కణాలు సంకోచించి పాలను బయటికి నెట్టుతాయి. నాళాల వెంట ఇవి పొడవుగా అమరి ఉంటాయి కనుక ఇవి సంకోచించినప్పుడు నాళం పొట్టిదై వెడల్పవుతుంది. ఒకే సంకేతంతో ఒకచోట పిండటం, మరొకచోట దారి వెడల్పు చేయడం జరుగుతాయి.

గేదెలో ఈ ఏర్పాటుకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. ఆవు పొదుగులోని పాలలో సుమారు 20 శాతం పాలతిత్తిలో ముందుగానే చేరి ఉండగా, గేదెలో ఆ వాటా సుమారు 5 శాతమే. మిగిలిన పాలన్నీ కోశికలలో, సన్నని నాళాలలో ఉంటాయి. గేదె చేపే వరకు చనుకట్టు లోపలి గోడలు తాకుకొనే ఉంటాయి. చేపక ముందే బలంగా లాగితే ఖాళీ చనుకట్టు లోపలి పొర ఒరుసుకుపోతుంది. బొటనవేలు మడిచి పిండే పద్ధతిలో ఈ ఒరిపిడి మరింత ఎక్కువ. బెదిరించడం, కొట్టడం వంటి వాటివల్ల ఎడ్రినలిన్ విడుదలై చేపు ఆగిపోతుంది. అప్పుడు రైతు మరింత గట్టిగా లాగుతాడు. చనుకట్టు మూసుకుపోవడానికి పునాది చాలాసార్లు ఇక్కడే పడుతుంది.

మూసి ఉండవలసిన చివరి సెంటీమీటరు

పై నాళాలన్నీ తెరిచి ఉండాలి. చనుమార్గం మాత్రం పాలు పిండే సమయంలో తప్ప మూసి ఉండాలి. అందుకే దాని నిర్మాణం వేరు. దాని గోడ చర్మంవలె అనేక వరుసల కణాలతో, కెరటిన్ పూతతో ఉంటుంది. కెరటిన్ సూక్ష్మజీవులను పట్టి ఉంచి, పాల ధారతో పాటు కొంత రాలిపోతూ, తిరిగి తయారవుతూ ఉంటుంది. వట్టిపోయిన కాలంలో ఇదే బిరడావలె మార్గాన్ని మూస్తుంది. పాలు పిండిన తరువాత ఈ మార్గం పూర్తిగా బిగుసుకోవడానికి ఒకటి రెండు గంటలు పడుతుంది. ఆ సమయంలో పశువు పేడలో పడుకుంటే సూక్ష్మజీవులు సులభంగా లోపలికి చేరతాయి. పుల్ల దూర్చినప్పుడు కెరటిన్ పూత చిరిగి, మూసి ఉండవలసిన ద్వారం తెరుచుకొంటుంది. సూక్ష్మజీవులు పుల్లతో పాటే లోపలికి వెళతాయి.

పొడిచినప్పుడు ఏమి జరుగుతుంది?

పుల్ల చనుకట్టు ఖాళీని చేరినప్పుడు రెండు వరుసల ఉపకళను గీరివేస్తుంది. దాని కింద ఉన్న సంధాయక కణజాలం బయటపడుతుంది. ఈ కణజాలానికి ధ్రువత లేదు, అంటుకోని తలం లేదు. ఎదురు గోడకూ గాయమైతే రెండు పచ్చి తలాలు ఒకదానినొకటి తాకి, ఫైబ్రిన్ జిగురుతో అతుక్కుంటాయి. గాయం మానేందుకు పుట్టిన కొత్త కణజాలం గడ్డకట్టి ఖాళీలోకి పొడుచుకువస్తుంది. కొద్ది వారాలలో అది మచ్చగా మారి కుంచించుకుపోతుంది. చనుకట్టును రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తే పెన్సిలువంటి గట్టి తాడు తగలడం ఈ మచ్చకు గుర్తు. దీనిని మళ్ళీ పొడిస్తే మళ్ళీ గాయం, మళ్ళీ మరింత పెద్ద మచ్చ.

పాలు రాకపోవడానికి కారణాలు అనేకం: పుట్టుకతో మిగిలిన పొర, బిగుతైన వలయ కండరం, పాత గాయపు మచ్చ, లోపలి కాయ, పాల గడ్డ, పొదుగువాపువల్ల గట్టిపడిన కణజాలం, లేదా పశువు చేపకపోవడం. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చనుకట్టును నీటి పాత్రలో ఉంచి చేసే అల్ట్రాసౌండ్ పరీక్షతో అడ్డు ఎక్కడుందో పశువైద్యుడు గుర్తించగలడు. కొన్నింటిని శుద్ధిచేసిన ప్రత్యేక పరికరాలతో, గోడను వీలైనంత తక్కువ గాయపరచి, సరిచేయవచ్చు. ముందే పొడిచిన చనుకట్టులో ఈ అవకాశం బాగా తగ్గిపోతుంది.

విస్తరణ సిబ్బంది రైతులకు చెప్పవలసినవి

1. చనురంధ్రంలోకి పుల్ల, సూది, ఈక, గొట్టం ఏదీ దూర్చరాదు. పాలు రాకపోతే ఆ రోజే పశువైద్యుని సంప్రదించాలి. సంచార పశువైద్య సేవలకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

2. పశువు పూర్తిగా చేపిన తరువాతనే పిండాలి. పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి తుడవడం, దూడను వదలడం, రోజూ ఒకే వేళకు పిండటం చేపుకు తోడ్పడతాయి.

3. బొటనవేలు మడవకుండా నిండు పిడికిలితో పిండాలి. చేపు వచ్చిన తరువాత ఆపకుండా త్వరగా ముగించాలి.

4. పిండిన వెంటనే చనుకట్లను 0.5 శాతం అయోడిన్, గ్లిసరిన్ కలిసిన ద్రావణంలో ముంచాలి. మేత వేసి పశువును కనీసం ఒక గంట నిలబడి ఉండేలా చూడాలి.

5. తొలి పాలధారలను నల్లని గుడ్డపైగాని గిన్నెలోగాని చూసి విరుగుళ్ళను గుర్తించాలి. నెలకు ఒకసారి కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్ష చేయించాలి.

6. ఈనడానికి సుమారు 60 రోజుల ముందు పాలు ఆపాలి. ఆ సమయంలో చనుకట్లలోకి ఎక్కించే మందులను పశువైద్యుని సలహాతో, శుభ్రమైన పద్ధతిలో మాత్రమే వాడాలి.

7. పెయ్యలను, పడ్డలను కొనేటప్పుడు నాలుగు చనుకట్లనూ వేళ్ళ మధ్య దొర్లించి చూడాలి. మూడు నెలల నుండి ఎద వరకు సమతుల మేత ఇవ్వాలి. అతిగా దాణా పెట్టరాదు.

ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాల వంటి విశాఖ పరిసర గ్రామాలలో రైతు శిక్షణ నిర్వహించేటప్పుడు ఈ సంగతిని మాటలతో కంటె చేతలతో చెప్పడం మేలు. ఒక ఉల్లికాడను పుల్లతో పొడిచి చూపాలి; బోలు అలాగే ఉంటుంది. రెండు పొడవాటి బెలూన్లు తీసుకొని ఒకదానిలో నీరు నింపి వదిలి చూపాలి. నీరు పోయినప్పుడు గోడలు తాకుతాయి, నింపినప్పుడు విచ్చుకుంటాయి. రెండవదాని లోపల కొద్దిగా జిగురు రాసి ఆరనిచ్చి నీరు నింపి చూపాలి. అతుక్కున్న చోట అది తెరుచుకోదు. చనుకట్టు ఉల్లికాడ వంటిదా, బెలూను వంటిదా అని అడిగితే రైతే సమాధానం చెబుతాడు.

ముగింపు

పాల నాళం పుట్టుకలో కణాలు చనిపోతాయి, నాళాన్ని పొడిచినప్పుడూ కణాలు చనిపోతాయి. మొదటి మరణం క్రమబద్ధమైనది. అది మచ్చలేని ఖాళీని ఇస్తుంది. రెండవ మరణం గాయం. అది ఖాళీని మచ్చతో నింపుతుంది. గోడలోని రెండు వరుసల కణాలు, వాటి కింద ఆధారత్వచం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు నాళం తనను తాను తెరిచి ఉంచుకోగలదు. చేపు వచ్చే వరకు ఆగడం, పిడికిలితో పిండటం, పిండిన తరువాత పశువును నిలబెట్టడం, అడ్డు వచ్చినప్పుడు పుల్లను పక్కనపెట్టి పశువైద్యుని పిలవడం ఆ గోడను కాపాడే పనులు. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. చెడిన నాళాన్ని బాగుచేయడం కష్టం కనుక ఈ మాట రైతుకు తొలి ఈతకు ముందే చేరాలి.